వినేదంతా మొదటి మిల్లీఆంప్‌లోనే: ఇంట్లో కట్టిన హెడ్‌ఫోన్ ఆంప్‌కి అవుట్‌పుట్ స్టేజ్ మార్చే ముందు

హెడ్‌ఫోన్ ఆంప్ (ఆంప్లిఫయర్) సొంతంగా కట్టుకోవాలనుకునేవాళ్లలో చాలామంది మొదలుపెట్టేది సీమోయ్ అనే చిన్న సర్క్యూట్‌తో. చు మోయ్ అనే డిజైనర్ 1990ల చివర్లో ఇచ్చిన సర్క్యూట్ అది, ఆయన పేరుతోనే నిలిచిపోయింది. 9 వోల్ట్‌ల బ్యాటరీ, సిగ్నల్‌ని పెంచే ఆప్-ఆంప్ ఐసీ, గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు. అన్నీ కలిపి పిప్పరమెంటు డబ్బాలో పట్టేస్తాయి. శనివారం కోఠి గుజరాతీ గల్లీలో సామాను కొనుక్కొస్తే ఆదివారం మధ్యాహ్నానికల్లా పాట వినొచ్చు. నేనూ అలాగే మొదలుపెట్టాను.

కొన్నాళ్లకి అందరికీ వచ్చే ఆలోచనే నాకూ వచ్చింది. ఇంత చిన్న ఐసీ నేరుగా హెడ్‌ఫోన్‌ని నడపడం ఏమిటి, దానికి బలం ఎక్కడ సరిపోతుంది, చివర్లో రెండు ట్రాన్సిస్టర్లు పెడితే పోలా అని. అంటే అవుట్‌పుట్ స్టేజ్, హెడ్‌ఫోన్‌కి కరెంట్ ఇచ్చే చివరి భాగం, మార్చాలి. ఆ ఆలోచనలో తప్పు లేదు. కానీ ఏ లోటు తీర్చడానికి మారుస్తున్నామో తెలియకపోతే మార్పు తర్వాత శబ్దం పెద్దదవుతుంది గానీ పాట బాగుపడదు. నా మొదటి మార్పు తర్వాత జరిగింది అదే. ఎందుకలా జరిగిందో అర్థం కావడానికి నాకు ఒక వేసవి పట్టింది.

ముందు లెక్క చూద్దాం

ఆంప్‌కి "బలం" అన్నప్పుడు అందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి. ఒకటి, వోల్టేజ్ ఎంత ఎత్తుకి వెళ్లగలదు. రెండోది, కరెంట్ ఎంత ఇవ్వగలదు. లోతు బోరు మోటారుకీ, కాలవలోంచి పొలానికి తోడే మోటారుకీ ఉన్న తేడా ఇది. బోరులో నీటిని ఎత్తుకి లాగాలి. కాలవ దగ్గర ఎత్తు తక్కువే, కానీ నీరు ఎక్కువ తోడాలి. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ బోరు లాంటిది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఆ రకం. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ కాలవ లాంటిది.

9 వోల్ట్‌ల బ్యాటరీని మధ్యకి చీలిస్తే పైకి 4.5, కిందికి 4.5 వోల్ట్‌లు వస్తాయి. ఓపీఏ2134 లాంటి ఆప్-ఆంప్ ఆ అంచుల దాకా వెళ్లలేదు. లోడ్ ఉన్నప్పుడు అంచుకి ఒకటిన్నర వోల్ట్ ఇవతలే ఆగుతుంది అనుకుందాం. అప్పుడు మన చేతికొచ్చే పీక్, అంటే అల శిఖరం, 3 వోల్ట్‌లు. 300 ఓమ్‌లలోకి 3 వోల్ట్‌లు అంటే 10 మిల్లీఆంప్‌లు, ఐసీకి అది పెద్ద పనేం కాదు. వచ్చే పవర్ 15 మిల్లీవాట్లు. అది చాలకపోతే పెంచాల్సింది సప్లై వోల్టేజ్. అదే బ్యాటరీ మీద ట్రాన్సిస్టర్లు ఎన్ని పెట్టినా ఒక్క మిల్లీవాట్ కూడా పెరగదు.

అదే 3 వోల్ట్‌లు 32 ఓమ్‌లలోకి వెళ్లాలంటే 94 మిల్లీఆంప్‌లు కావాలి. ఓపీఏ2134 ఇవ్వగలిగేది 35 దగ్గర. కాబట్టి 1.1 వోల్ట్ దాటేసరికి దాని గొంతు పట్టేస్తుంది, పవర్ 20 మిల్లీవాట్ల దగ్గర ఆగిపోతుంది. ఇక్కడ లోటు కరెంట్‌ది. అవుట్‌పుట్ స్టేజ్ తీర్చగలిగేది ఈ లోటునే.

సరే, ఆ 20 మిల్లీవాట్లు నిజంగా తక్కువా? మిల్లీవాట్‌కి 100 డెసిబెల్స్ ఇచ్చే మామూలు హెడ్‌ఫోన్ తీసుకుంటే 20 మిల్లీవాట్లకి 113 డెసిబెల్స్ వస్తాయి. అది చెవులు పాడుచేసుకునే స్థాయి. మనం గంటసేపు హాయిగా వినే 80 డెసిబెల్స్‌కి కావలసింది మిల్లీవాట్‌లో నూరో వంతు. 32 ఓమ్‌లలో అది 18 మిల్లీవోల్ట్‌లు, అర మిల్లీఆంప్‌కి కాస్త పైన. మృదంగం మీద గట్టి దెబ్బ పడి సగటు కన్నా 20 డెసిబెల్స్ పైకి ఎగిరినా, పీక్‌లో కావలసింది 8 మిల్లీఆంప్‌లు.

ఈ లెక్క మొదటిసారి వేసినప్పుడు నమ్మబుద్ధి కాలేదు, కాగితం మీద మూడుసార్లు చేసి చూశాను. సంగీతం ఎక్కువసేపు మొదటి మిల్లీఆంప్‌లోనే ఉంటుంది. అప్పుడప్పుడు ఏడెనిమిదికి వెళ్లి మళ్లీ దిగిపోతుంది. కాబట్టి ఒక అవుట్‌పుట్ స్టేజ్ మంచిదో కాదో తేలేది సున్నాకి అటూ ఇటూ అది ఎలా నడుచుకుంటుందో చూశాకే. గరిష్ఠంగా ఎన్ని ఆంపియర్లు ఇస్తుందన్నది తర్వాతి ప్రశ్న.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ప్లానార్ రకం హెడ్‌ఫోన్లలో కొన్నింటి సెన్సిటివిటీ బాగా తక్కువ. మిల్లీవాట్‌కి 90 డెసిబెల్స్ ఇచ్చేది అయితే, 110 డెసిబెల్స్ పీక్ కోసం 100 మిల్లీవాట్లు కావాలి. అంటే 32 ఓమ్‌లలో పీక్ కరెంట్ దాదాపు 80 మిల్లీఆంప్‌లు. మీ దగ్గర అలాంటి హెడ్‌ఫోన్ ఉంటే ఆప్-ఆంప్ ఒక్కటే సరిపోదు, అందులో అనుమానం లేదు.

మరి మామూలు 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి కరెంట్ లోటు లేకపోతే మార్పు ఎందుకు? ఆప్-ఆంప్ తన తప్పుల్ని ఫీడ్‌బ్యాక్‌తో (అవుట్‌పుట్‌ని వెనక్కి తెచ్చి ఇన్‌పుట్‌తో పోల్చుకుని) తనే దిద్దుకుంటూ ఉంటుంది. ఆ దిద్దుబాటుకి లోపల ఉన్న మిగులు గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచగలదో అది) కావాలి. దాని అవుట్‌పుట్‌కి 32 ఓమ్‌ల బరువు కట్టగానే ఆ మిగులు తగ్గిపోతుంది. కరెంట్ వస్తూనే ఉంటుంది, తప్పు దిద్దుకునే ఓపిక తగ్గుతుంది. మధ్యలో ట్రాన్సిస్టర్లు నిలబడి ఆ బరువు మోస్తే ఐసీ మళ్లీ తేలికపడుతుంది. నా దృష్టిలో అవుట్‌పుట్ స్టేజ్ వల్ల అసలు లాభం ఇదే.

ట్రాన్సిస్టర్ల జోలికి వెళ్లే ముందు రెండు రెసిస్టర్లతో అయిపోయే పని ఒకటి చెప్పాలి. సీమోయ్ గెయిన్ 11, అంటే 10 కిలోఓమ్‌లు, 1 కిలోఓమ్. ఇవాళ మన ఫోన్ డాంగిల్స్ 1 వోల్ట్ దాకా ఇస్తాయి, డాక్‌లు (డిజిటల్ పాటని సిగ్నల్‌గా మార్చే పెట్టెలు) 2 వోల్ట్‌లు ఇస్తాయి. వాటిని 11 రెట్లు చేసే అవసరం ఎవరికీ లేదు. వాల్యూమ్ కంట్రోల్‌ని మొదటి పావు వంతు దాటించలేక అవస్థ పడటం తప్ప ఒరిగేది లేదు. రెండు చానెళ్లలోనూ 10 కిలోఓమ్‌ల స్థానంలో 2.2 పెడితే గెయిన్ 3.2కి దిగుతుంది. ఓపీఏ2134 గెయిన్ బ్యాండ్‌విడ్త్, అంటే గెయిన్‌ని ఫ్రీక్వెన్సీతో గుణిస్తే వచ్చే సంఖ్య, 8 మెగాహెర్ట్జ్. 20 కిలోహెర్ట్జ్ దగ్గర దానికి 400 రెట్ల గెయిన్ ఉంటే, 11 మనం వాడేసుకున్నాక దిద్దుబాటుకి మిగిలేది 36 రెట్లు. 3.2 వాడుకుంటే 125 రెట్లు మిగులుతుంది. హిస్ కూడా తగ్గుతుంది. ఈ ఒక్క మార్పుతో తృప్తిపడి ఆగిపోయేవాళ్లు ఉంటే వాళ్లని తప్పుపట్టను.

సున్నా దగ్గర గండి

అవుట్‌పుట్ స్టేజ్ మామూలు రూపం ఇలా ఉంటుంది. పైన ఒక ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్, కింద ఒక పీఎన్‌పీ. మన దగ్గర సులువుగా దొరికే జత బీడీ139, బీడీ140. ట్రాన్సిస్టర్‌కి బేస్, కలెక్టర్, ఎమిటర్ అని మూడు కాళ్లు. రెండింటి ఎమిటర్లు కలిసే చోట హెడ్‌ఫోన్. సిగ్నల్ సున్నాకి పైన ఉన్నప్పుడు పైది మోస్తుంది, కింద ఉన్నప్పుడు కిందది మోస్తుంది. కావడి మోసేవాడు భుజం మార్చుకున్నట్టు. చిక్కంతా ఆ మార్చుకునే క్షణంలోనే ఉంది.

సిలికాన్ ట్రాన్సిస్టర్ బేస్‌కి దాదాపు 0.6 వోల్ట్ అందేదాకా కదలదు. రెండు బేస్‌లనూ కలిపి ఆప్-ఆంప్‌కి కట్టేస్తే, మైనస్ 0.6 నుంచి ప్లస్ 0.6 దాకా రెండూ నిద్రపోతాయి. మనం వినే సంగీతం 18 మిల్లీవోల్ట్‌ల దగ్గర ఉందని ఇందాకే చూశాం. అంటే పాట మొత్తం ఆ గండిలోనే పడుతుంది. ఆప్-ఆంప్ ఊరుకోదు, సున్నా దాటిన ప్రతిసారీ 1.2 వోల్ట్‌ల గండిని ఒక్క గెంతులో దాటాలని చూస్తుంది. చాలావరకు దాటేస్తుంది కూడా. కానీ పై శ్రుతుల దగ్గర దాని మిగులు గెయిన్ తక్కువ కదా, అక్కడ గెంతు గెంతుకీ ఒక గీత మిగులుతుంది. దీన్నే క్రాస్ఓవర్ డిస్టార్షన్ అంటారు.

దీని చెడ్డతనం ఏమిటంటే వాల్యూమ్ తగ్గించేకొద్దీ ఎక్కువవుతుంది. పాట సైజు తగ్గినా గండి సైజు తగ్గదు. నా మొదటి మార్పులో నేను కట్టింది ఇదే. సినిమా పాటల హోరులో ఏమీ తెలియలేదు. ఒక రాత్రి వీణ వింటున్నాను. తీగ మీటాక నాదం సన్నగిల్లుతూ పోతుంది చూడండి, ఆ చివర్లో, నిశ్శబ్దంలో కలిసే ముందు, ఇసుక రాలినట్టు గరగర. మళ్లీ మళ్లీ విన్నాను, రికార్డింగ్‌లో లోపమేమో అనుకున్నాను. పాత సీమోయ్‌లో పెట్టి వింటే నాదం నున్నగా ఆరిపోయింది. బలం పెంచుదామని వెళ్లి, నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటనే పాడుచేసుకున్నాను.

గండి పూడ్చడానికి చేసేది బయాస్. సిగ్నల్ లేనప్పుడు కూడా రెండు ట్రాన్సిస్టర్లూ కొద్దిగా మేలుకొని ఉండేలా బేస్‌ల మధ్య 1.2 వోల్ట్‌లకి కాస్త పైన ఎప్పుడూ నిలబెడతాం. తేలిక పద్ధతి రెండు 1ఎన్4148 డయోడ్‌లు. ప్లస్ 12 నుంచి 2.2 కిలోఓమ్‌ల రెసిస్టర్, దాని కింద డయోడ్, ఇంకో డయోడ్, మళ్లీ 2.2 కిలోఓమ్‌లు, మైనస్ 12. రెండు డయోడ్‌లూ కలిసే చోట ఆప్-ఆంప్ అవుట్‌పుట్. డయోడ్‌ల పై చివర బీడీ139 బేస్‌కి, కింది చివర బీడీ140 బేస్‌కి. డయోడ్‌లలో దాదాపు 5 మిల్లీఆంప్‌లు పారుతూ ఉంటాయి.

ఇక్కడ ఒక సంగతి చాలామంది పట్టించుకోరు. సిగ్నల్ పైకి వెళ్లినప్పుడు బీడీ139 బేస్‌కి కరెంట్ ఇచ్చేది ఆప్-ఆంప్ కాదు, పైన ఉన్న 2.2 కిలోఓమ్‌ల రెసిస్టర్. ఆప్-ఆంప్ డయోడ్‌ని దారి చూపినట్టు పైకి నెడుతుంది, అంతే. ఆ రెసిస్టర్ మరీ పెద్దదైతే బేస్‌కి కరెంట్ చాలక పీక్‌లు ఒకవైపే చదునైపోతాయి. 60 మిల్లీఆంప్‌ల పీక్‌కి, గెయిన్ 63 మాత్రమే ఉన్న బీడీ139కి దాదాపు ఒక మిల్లీఆంప్ బేస్ కరెంట్ కావాలి. అప్పటికి ఆ రెసిస్టర్‌లో 4 మిల్లీఆంప్‌లకి పైనే ఉంటుంది కాబట్టి 2.2 కిలోఓమ్‌లు నిశ్చింత.

ఒక్కో ఎమిటర్‌కీ హెడ్‌ఫోన్‌కీ మధ్య చిన్న రెసిస్టర్ ఉండాలి. దాని విలువ మీద ఎంత చర్చ అయినా చేయొచ్చు. హ్యూలెట్ ప్యాకార్డ్‌లో పనిచేసిన బెర్నార్డ్ ఆలివర్ 1971లో ఈ భుజం మార్పు గణితాన్ని విడమరిచారు. సిగ్నల్ లేనప్పుడు ఎమిటర్ రెసిస్టర్ మీద 26 మిల్లీవోల్ట్‌లు ఉంటే, ఒక ట్రాన్సిస్టర్ నుంచి ఇంకోదానికి బరువు మారడం అన్నిటికన్నా నున్నగా ఉంటుంది. 2.2 ఓమ్‌ల రెసిస్టర్ అయితే అది 12 మిల్లీఆంప్‌లు. మల్టీమీటర్‌తో కొలవగలిగే సంఖ్య కావడం దీనిలో ఉన్న అందం.

అయితే ఈ సూత్రం పెద్ద స్పీకర్ ఆంప్‌లకి ఉన్నంత తప్పనిసరి మనకి కాదు. ఇలా రెండు ట్రాన్సిస్టర్లు పంచుకునే పుష్-పుల్ స్టేజ్ తన బయాస్ కరెంట్‌కి రెట్టింపు పీక్ దాకా భుజం మార్చుకోకుండానే నడుస్తుంది, రెండు ట్రాన్సిస్టర్లూ కలిసే మోస్తాయి. అదే క్లాస్-ఏ. బయాస్ 15 మిల్లీఆంప్‌లు పెడితే 30 మిల్లీఆంప్‌ల పీక్ దాకా క్లాస్-ఏ. మామూలు హెడ్‌ఫోన్‌లో మృదంగం దెబ్బకి 8 చాలు అనుకున్నాం కదా. అంటే వినేదంతా క్లాస్-ఏలోనే గడిచిపోతుంది, భుజం మార్పు అనే సమస్యే రాదు. స్పీకర్ ఆంప్‌లో ఇలా చేయాలంటే గది వేడెక్కిపోతుంది. హెడ్‌ఫోన్ ఆంప్‌లో మాత్రం ఒక్కో చానెల్‌కి అర వాటు కూడా పట్టదు. ఇంత మంచి అవకాశాన్ని వదులుకోకూడదు. అందుకే నేను 4.7 ఓమ్‌ల రెసిస్టర్లు, 15 మిల్లీఆంప్‌లు వాడతాను. రెసిస్టర్ మీద 70 మిల్లీవోల్ట్‌లు చూపిస్తుంది.

ఇది బ్యాటరీతో నడిచే వ్యవహారం కాదని ఈపాటికి అర్థమై ఉంటుంది. రెండు చానెళ్లకి నిత్యం 30 మిల్లీఆంప్‌లు, డయోడ్‌లకి ఇంకో 10. 9 వోల్ట్‌ల బ్యాటరీ ఒక రోజు కూడా నిలవదు. ట్రాన్స్‌ఫార్మర్, వోల్టేజ్‌ని ప్లస్, మైనస్ 12 దగ్గర నిలబెట్టే 7812, 7912 రెగ్యులేటర్లు కావాలి. షాపులో 12-0-12 అడగడం అలవాటు గానీ, వేసవిలో లో వోల్టేజ్ ఉండే ఊళ్లలో అది అంచు మీద నడుస్తుంది. మెయిన్స్ 200కి పడితే రెగ్యులేటర్‌కి అందేది 14 వోల్ట్‌లే, దానికి కావలసిన మార్జిన్ పోయి హమ్ మొదలవుతుంది. 15-0-15 తీసుకోండి.

వేడి సంగతి

రెండో ప్రయత్నంలో డయోడ్‌లు పెట్టాను, వీణ నాదం చివర గరగర పోయింది. సంతోషంతో సప్లైని ప్లస్, మైనస్ 15కి పెంచాను, ఎమిటర్ రెసిస్టర్లు 2.2 ఓమ్‌లే ఉంచాను. డయోడ్‌లు బోర్డుకి ఒక మూల ఉన్నాయి, ట్రాన్సిస్టర్లకి హీట్‌సింక్ లేదు. ఉదయం కొలిస్తే 12 మిల్లీఆంప్‌లు. మే నెల మధ్యాహ్నం డబ్బా మూత వేసి గంటసేపు విన్నాక ఏదో కాలిన వాసన వచ్చింది. మూత తీసి మీటర్ పెడితే 40 దాటి ఇంకా ఎక్కుతోంది.

జరిగింది ఇది. ట్రాన్సిస్టర్ వేడెక్కితే అది మేలుకోవడానికి కావలసిన వోల్టేజ్ డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్ట్‌ల చొప్పున తగ్గుతుంది. దూరంగా చల్లగా ఉన్న డయోడ్‌లకి ఈ సంగతి తెలియదు, అవి ఇచ్చే వోల్టేజ్ మారదు. దాంతో కరెంట్ పెరుగుతుంది. 15 వోల్ట్‌ల సప్లై మీద ఒక్క మిల్లీఆంప్ పెరిగితే ట్రాన్సిస్టర్‌లో 15 మిల్లీవాట్ల వేడి పెరుగుతుంది. హీట్‌సింక్ లేని బీడీ139 వాటుకి 100 డిగ్రీలు వేడెక్కుతుంది కాబట్టి ఒకటిన్నర డిగ్రీ. అంటే ఇంకో 3 మిల్లీవోల్ట్‌ల తగ్గుదల. 2.2 ఓమ్‌ల రెసిస్టర్ అడ్డుగా ఉంటే ఆ 3 మిల్లీవోల్ట్‌లు మళ్లీ దాదాపు మిల్లీఆంప్ పెంచుతాయి. చక్రం పూర్తయింది. దీన్నే థర్మల్ రన్‌అవే అంటారు, ఆ చక్రం నా జతని మింగేసింది.

ఎమిటర్ రెసిస్టర్ ఈ చక్రానికి బ్రేకు. ట్రాన్సిస్టర్ డయోడ్‌ల కన్నా 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకోండి. 2.2 ఓమ్‌లతో 12 మిల్లీఆంప్‌లు దాదాపు 23 అవుతుంది. 4.7తో 18 అవుతుంది. 10 ఓమ్‌లతో 15 దగ్గర ఆగుతుంది. ఇంకో బ్రేకు, డయోడ్‌లని ట్రాన్సిస్టర్ ఒంటికి ఆనించి అతికించడం. ఒక్కో డయోడ్‌ని ఒక్కో ట్రాన్సిస్టర్ వీపుకి హీట్‌సింక్ పేస్ట్ రాసి, జిగురుతో పట్టించండి. ట్రాన్సిస్టర్ వేడెక్కితే డయోడ్ కూడా వేడెక్కుతుంది, దాని వోల్టేజ్ కూడా తగ్గుతుంది, కరెంట్ కుదురుగా ఉంటుంది. ఈ పనికి పట్టేది అయిదు నిమిషాలు. నేను అది చేయకుండా మంచి ట్రాన్సిస్టర్లు పోగొట్టుకున్నాను.

12 వోల్ట్‌లు, 15 మిల్లీఆంప్‌లు అంటే ఒక్కో ట్రాన్సిస్టర్‌లో 0.18 వాటు. హీట్‌సింక్ లేకపోయినా 18 డిగ్రీలే పెరుగుతుంది. మన ఎండాకాలంలో డబ్బా లోపల 50 డిగ్రీలు ఉన్నా 70 దాటదు. అయినా చిన్న అల్యూమినియం ముక్క పెట్టడం మేలు. రెండు ట్రాన్సిస్టర్లకీ ఒకే ముక్క పెడితే మధ్యలో మైకా ముక్క మరిచిపోకండి. బీడీ139 వెనక ఉన్న లోహం కలెక్టర్‌కి కలిసే ఉంటుంది, నేరుగా బిగిస్తే ప్లస్, మైనస్ షార్ట్.

డయోడ్‌లకి బదులు ఒక ట్రాన్సిస్టర్, ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే రెసిస్టర్) పెట్టి బయాస్‌ని తిప్పుకునేలా కట్టే పద్ధతీ ఉంది. అందులో ప్రీసెట్‌ని బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య ఉన్న చేతిలో పెట్టండి. ప్రీసెట్ పాతబడి లోపల కాంటాక్ట్ వదిలేస్తే బయాస్ తగ్గుతుంది, ఆంప్ బతుకుతుంది. ఇంకో చేతిలో పెడితే అదే లోపానికి బయాస్ అమాంతం పెరుగుతుంది.

ఇదంతా ఎందుకు, రెడీమేడ్ దారి లేదా అంటే ఉంది. బీయూఎఫ్634 అనే బఫర్ ఐసీ ఒక్కటే 250 మిల్లీఆంప్‌లు ఇస్తుంది, బయాస్, వేడి సంగతులు అదే చూసుకుంటుంది. ఖరీదు ఎక్కువ, నకిలీల బెడదా ఉంది. ఇంకా తేలిక దారి 2011లో వచ్చిన ఓ2 అనే డిజైన్ చూపించింది. 70 మిల్లీఆంప్‌లు ఇవ్వగల ఎన్‌జేఎం4556 ఐసీలో ఉన్న రెండు ఆప్-ఆంప్‌లనీ ఒకే చానెల్‌కి పక్కపక్కన పెట్టి, ఒక్కోదానికి 1 ఓమ్ రెసిస్టర్ తగిలించి కలిపేస్తుంది. ట్రాన్సిస్టర్ల మీద ప్రత్యేకమైన ఇష్టం లేనివాళ్లకి నేను చెప్పేది ఇదే.

ఫీడ్‌బ్యాక్ ఎక్కడి నుంచి?

ట్రాన్సిస్టర్లు పెట్టాక ఫీడ్‌బ్యాక్ తీగని ఆప్-ఆంప్ కాలి దగ్గరే వదిలేస్తే, ట్రాన్సిస్టర్లు చేసే తప్పులు దానికి కనిపించవు. హెడ్‌ఫోన్‌కి వెళ్లే చోటి నుంచే తీయాలి. అప్పుడు 4.7 ఓమ్‌ల రెసిస్టర్లు కూడా దిద్దుబాటు పరిధిలోకి వస్తాయి, అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) ఓమ్‌లో చిన్న భాగానికి దిగిపోతుంది.

కొందరు జాక్ ముందు భద్రత కోసమని 47 ఓమ్‌లు, 100 ఓమ్‌లు అదనంగా పెడతారు. దాన్ని తీసేయండి. హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ అన్ని శ్రుతుల దగ్గరా ఒకేలా ఉండదు. ఒక ఇయర్‌ఫోన్ ఒకచోట 16, ఇంకోచోట 40 ఓమ్‌లు అనుకుందాం. ఆంప్ ఇంపెడెన్స్ 10 ఓమ్‌లైతే ఆ రెండు చోట్ల మధ్య రెండు డెసిబెల్స్‌కి పైగా తేడా వస్తుంది. మనం పెట్టని ఈక్వలైజర్ అది. హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతుకి మించకూడదని ఒక వాడుక లెక్క ఉంది, దాన్ని పాటిస్తే చాలు.

ఫీడ్‌బ్యాక్ దారి పొడవైతే వచ్చే ప్రమాదం ఆసిలేషన్, అంటే ఆంప్ అవుట్‌పుట్ తనంతట తనే ఊగిపోవడం. చెవికి వినపడదు. ట్రాన్సిస్టర్లు సిగ్నల్ లేకపోయినా వేడిగా ఉంటాయి, బయాస్ రీడింగ్ చెయ్యి దగ్గరికి తెస్తే మారుతుంది. ఆ లక్షణాలు కనపడితే ఆసిలేషన్ అనే అనుకోండి. ఒక్కో బేస్‌కి వరసలో 100 ఓమ్‌లు, ట్రాన్సిస్టర్ల కాళ్ల దగ్గరే సప్లై నుంచి గ్రౌండ్‌కి (సున్నా వోల్ట్‌ల బిందువుకి) 100 నానోఫారడ్, అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 10 ఓమ్‌లు, 100 నానోఫారడ్ వరసగా. ఇంకా మొండికేస్తే ఆప్-ఆంప్ అవుట్‌పుట్ కాలి నుంచి దాని మైనస్ ఇన్‌పుట్ కాలికి 47 పికోఫారడ్. గెయిన్ 3కి తగ్గించినవాళ్లకి ఈ జాగ్రత్త ఇంకా అవసరం, ఎందుకంటే దిద్దుబాటు పెరిగేకొద్దీ ఈ టెన్షన్ కూడా పెరుగుతుంది.

గ్రౌండ్ కూడా అవుట్‌పుట్టే

నాకు అన్నిటికన్నా ఆలస్యంగా అర్థమైన భాగం ఇది. హెడ్‌ఫోన్‌కి రెండు కొసలు ఉన్నాయి. ఒక కొసలోకి ఎంత కరెంట్ వెళ్తుందో రెండో కొసలోంచి అంతే తిరిగి రావాలి. మనం శ్రద్ధంతా మొదటి కొస మీద పెట్టి, రెండోదాన్ని సన్న తీగతో ఎక్కడో ఒకచోట అతికిస్తాం.

సీమోయ్‌లో గ్రౌండ్ నిజమైనది కాదు. రెండు 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్లు, రెండు 220 మైక్రోఫారడ్ కెపాసిటర్లతో బ్యాటరీ మధ్యలో తయారుచేసుకున్నది. తిరుగు కరెంట్ ఆ కెపాసిటర్లలోంచే పోవాలి. 20 హెర్ట్జ్ దగ్గర రెండూ కలిపి 18 ఓమ్‌ల అడ్డు. రెండు చానెళ్లలో కలిపి మన లోడ్ 16 ఓమ్‌లు. పెద్ద బేస్ దెబ్బకి గ్రౌండే ఊగిపోతుంది, ఊగిన మేరకి క్లిప్పింగ్ (పీక్‌లు చదునవడం) ముందే వస్తుంది. డీసీ సంగతి ఇంకా సున్నితం. అవుట్‌పుట్‌లో 5 మిల్లీవోల్ట్‌ల ఆఫ్‌సెట్ (సిగ్నల్ లేకపోయినా మిగిలే డీసీ) ఉంటే 32 ఓమ్‌లలో 0.16 మిల్లీఆంప్, అది ఆ రెసిస్టర్లలోంచి పోతూ గ్రౌండ్‌ని 0.37 వోల్ట్ పక్కకి లాగుతుంది. ఇలాంటి గ్రౌండ్ మీద బలమైన ట్రాన్సిస్టర్లు పెట్టడం బంకమట్టి మీద స్తంభం నిలబెట్టడమే.

సెంటర్ ట్యాప్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో ప్లస్, మైనస్ సప్లై చేసుకుంటే ఈ చిక్కు పోతుంది. కానీ ఇంకోటి మిగులుతుంది. మామూలు మూడు కొసల జాక్‌లో రెండు చానెళ్లకీ తిరుగు దారి ఒక్కటే. ఆ దారిలో, అంటే జాక్ కాంటాక్ట్, సన్న తీగ, సరిగా అతకని సోల్డర్ అన్నీ కలిపి, అర ఓమ్ ఉందనుకోండి. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌లో ఎడమ చానెల్ కుడిలోకి మైనస్ 36 డెసిబెల్స్ స్థాయిలో కారుతుంది. ఆంప్ కాగితం మీద ఎంత గొప్పదైనా కారేది కారుతుంది. జాక్ గ్రౌండ్ నుంచి సప్లై మధ్య బిందువుకి మందపాటి తీగ నేరుగా లాగండి. ఇన్‌పుట్ గ్రౌండ్‌ని, ఫీడ్‌బ్యాక్ గ్రౌండ్‌ని వేరే తీగతో అదే బిందువుకి తెచ్చి కలపండి. ఈ తీగ మార్చిన రోజు నా ఆంప్‌లో వయొలిన్ వైపు ఒకటి, మృదంగం వైపు ఒకటి ఉన్నట్టు విడిగా నిలబడ్డాయి. ట్రాన్సిస్టర్లు ఇచ్చిన దానికన్నా ఎక్కువ ఆనందం ఆ తీగ ఇచ్చింది.

హెడ్‌ఫోన్ పెట్టే ముందు

12 వోల్ట్‌ల డీసీ పొరపాటున 32 ఓమ్‌లలోకి వెళ్తే 4.5 వాట్లు. ఏ హెడ్‌ఫోన్ కాయిల్ అయినా క్షణాల్లో కాలిపోతుంది. అందుకని మొదట హెడ్‌ఫోన్ బదులు 33 ఓమ్‌ల రెసిస్టర్ కట్టండి. ఆప్-ఆంప్‌ని ఐసీ బేస్‌లో పెట్టకముందే సప్లై ఇచ్చి ప్లస్ 12, మైనస్ 12 ఉన్నాయో లేదో చూడండి. పవర్ తీసి, ఐసీ పెట్టి, మళ్లీ ఇవ్వండి. ఇన్‌పుట్‌ని గ్రౌండ్‌కి షార్ట్ చేసి అవుట్‌పుట్‌లో డీసీ కొలవండి. 20 మిల్లీవోల్ట్‌ల లోపు ఉంటే బాగానే ఉన్నట్టు. వోల్ట్‌లలో చూపిస్తే బీడీ140 కాళ్లు తిరగబడ్డాయేమో, ఫీడ్‌బ్యాక్ తెగిందేమో చూడండి. ఆన్, ఆఫ్ చేసినప్పుడు అవుట్‌పుట్ ఎంత గెంతుతోందో కూడా గమనించండి. ఖరీదైన హెడ్‌ఫోన్ పెట్టేవాళ్లు యూపీసీ1237 ఐసీతో రిలే ప్రొటెక్షన్ చేసుకోవడం మంచిది. స్పీకర్ ఆంప్‌ల కోసం చేసిన ఐసీ అది, అదే ఇక్కడా పనికొస్తుంది.

ఆ తర్వాత ఒక ఎమిటర్ రెసిస్టర్ మీద మీటర్ కొనలు పెట్టి 70 మిల్లీవోల్ట్‌ల దరిదాపుల్లో ఉందో లేదో చూడండి. డయోడ్‌ల బయాస్ కాబట్టి 50 ఉండొచ్చు, 90 ఉండొచ్చు, కంగారు పడక్కర్లేదు. ఆ సంఖ్యని డబ్బా అడుగున పెన్సిల్‌తో రాసి, మూత బిగించి, గంటసేపు వదిలేయండి. వీలైతే మధ్యాహ్నం పూట, ఫ్యాన్ ఆపి. మూత తీసి మళ్లీ కొలిచినప్పుడు రెండో సంఖ్య మొదటిదానికి పావు వంతు లోపు తేడాలో నిలబడి ఉంటే, అప్పుడు 33 ఓమ్‌ల రెసిస్టర్ విప్పి పాత ఇయర్‌ఫోన్ ఒకటి పెట్టండి. మంచి హెడ్‌ఫోన్ దాని తర్వాత.